కనబడకూడని అరుంధతి

నార్వే నుంచి వచ్చిన ఆ ఫోటోలో అరుంధతీ నక్షత్రం కనబడుతోంది. అది తీసిన కెమెరాకి అరుంధతి కనబడటం అసాధ్యం.

జువేరియా కుర్చీ ముందుకు లాక్కుని బొమ్మని పెద్దది చేసింది. సప్తర్షుల తోకలో వశిష్ఠుడు. అతని పక్కనే, గుండుసూదితో పొడిచినట్టు, ఇంకో తెల్లటి చుక్క. మరి కాస్త పెద్దది చేసింది. చుక్క ఎక్కడికీ పోలేదు.

పోయినవారం మనం ఈ పిల్లని సంతోషం అంచున వదిలిపెట్టి వచ్చాం. అమీర్‌పేటలో జావా, ఒరాకిల్ కోచింగ్ బోర్డులు ఒకదాన్నొకటి తోసుకునే సందులో, మూడో అంతస్తులో 'నభో డేటా' అని ఓ చిన్న కంపెనీ. నార్వే ఉత్తర కొసన కొండ మీద ఒక కెమెరా చలికాలమంతా ఆకాశాన్ని ఫోటోలు తీస్తూ ఉంటుంది. ధ్రువాల దగ్గర ఆకాశంలో ఆకుపచ్చగా ఆడే వెలుగు ఉంది చూశారూ, అరోరా, దాని కోసం. ఆ ఫోటోలు, అక్కడ నకలేదీ మిగలకుండా, డిస్కుల్లో ఇక్కడికొస్తాయి. వెలుగు వంపు తిరిగి ఉందా, తెరలా వేలాడుతోందా, మచ్చలు మచ్చలుగా ఉందా అని చూసి వేరుచేసి పంపడం జువేరియా పని. ఆమె అరోరాని కళ్ళారా ఎన్నడూ చూడలేదు. ఆ ఆఫీసులో ఎవరూ చూడలేదు.

అయితేనేం, కిందటి చలికాలం నాటి మూడు రాత్రుల ఫోటోల్లో అక్కడివాళ్ళు సైతం చూడనిది ఆమె చూసింది. వెలుగు తెరలో సమాన దూరాల్లో నల్లటి చారలు, దువ్వెన పళ్ళలాగా. నార్వే ప్రొఫెసరమ్మ ముచ్చటపడి దానికి 'జువేరియా దువ్వెన' అని పేరు పెట్టింది. ఆ పేరుతో రాసిన పరిశోధన పేపరు ఈ సాయంత్రం ఒక పెద్ద సైన్సు పత్రికకి వెళ్ళబోతోంది. తన కూతురి పేరు ఆకాశానికి పెట్టారని తల్లి ఇక్బాల్ బేగం యూసుఫ్‌గూడ గల్లీ అంతటికీ చెప్పేసింది. పంపేముందు బొమ్మలు ఇంకొక్కసారి చూసుకుందామని జువేరియా ఫైలు తెరిచింది.

తెరిచి ఇప్పుడిలా కూర్చుంది.

"ధాత్రీ, జర ఇటు రా."

పక్క సీట్లోంచి ధాత్రి కుర్చీతో సహా దొర్లుకుంటూ వచ్చింది. తణుకు పిల్ల. పెళ్ళయి ఏడాది కాలేదు. "ఏంటే? పేరు మారుస్తావా? ధాత్రి దువ్వెన అంటే ఇంకా బావుంటుంది."

"ఈ చుక్కలేంటో చెప్పు."

"వశిష్ఠుడు, పక్కన అరుంధతి. ఇది కూడా తెలీదా? మా పెళ్ళిలో పట్టపగలు పంతులుగారు వేలు పెట్టి మరీ చూపించారు. కనబడిందా అమ్మా అన్నారు. కనబడిందండీ అన్నాను. మా ఆయన్ని అడిగితే ఆయనా కనబడిందన్నాడు. మా కాపురం ఆ అబద్ధంతోనే మొదలైంది."

జువేరియా నవ్వలేదు. అదే కెమెరా తీసిన మరో రాత్రి ఫోటోని పక్కన తెరిచింది. అందులో వశిష్ఠుడున్న చోట ఒకే ఒక్క చుక్క, కాస్త ఉబ్బి ఉంది. ఇంకోటి తెరిచింది. అందులోనూ ఒకటే.

"ఆకాశం మొత్తాన్ని ఒక గుండ్రటి పళ్ళెంలో ఇమిడ్చే లెన్స్ ఇది," అంది. "ఈ రెండు చుక్కల్నీ విడదీసి చూపించే శక్తి దీనికి లేదు. రెండూ కలిసి ఒకటిగానే పడాలి. వేల ఫోటోలు చూశాను నేను, ఎప్పుడూ ఒకటే. ఈ మూడు రాత్రుల్లోనే రెండున్నాయి."

ధాత్రి మొహంలో నవ్వు మెల్లగా జారిపోయింది. "అంటే?"

"అంటే ఈ చుక్కలు కెమెరా తీసినవి కాదు. ఎవరో పెట్టారు."

ఆ తరువాత అర్థం కావలసింది దానంతటదే అర్థమైంది. ఏ రాత్రి ఫోటో ఆ రాత్రిదేనని తేల్చేది చుక్కలు. చుక్కలు రోజుకు కాస్త జరుగుతాయి; జరగాల్సిన చోటికి జరిగాయో లేదో కంపెనీ ప్రోగ్రాం సరిచూస్తుంది. ఎవరో వేరే రాత్రి తీసిన అరోరాని తెచ్చి, దాని మీద చుక్కలన్నీ చెరిపేసి, నల్లటి చారలు గీసి, ఈ మూడు రాత్రులకి తగ్గట్టు కొత్త చుక్కలు దిద్దారు. ప్రోగ్రాం బాగా వెలిగే పెద్ద చుక్కల్నే చూస్తుంది. అవి సరిగ్గా ఉన్నాయి గనక సరేనంది. పక్కనున్న చిన్నదాని జోలికి పోలేదు.

తను కనిపెట్టిన దువ్వెన ఆకాశంలో లేదు. ఎవరో గీస్తే తను చూసింది.

"చేత్తో పెట్టారే," అంది ధాత్రి గొంతు తగ్గించి. "వశిష్ఠుణ్ణి పెట్టి అరుంధతిని వదిలేయడానికి చెయ్యి రాలేదు. అలవాటు."

"ఎవరికి?"

ధాత్రి మేడ మెట్ల వైపు చూసింది. పేరు చెప్పక్కర్లేదు. ఈ కంపెనీలో చేరిన ప్రతివాళ్ళనీ సాయంత్రం మేడ మీదకి తీసుకెళ్ళి, అమీర్‌పేట దీపాల పైన కనబడీ కనబడని నాలుగు చుక్కల్ని పేరుపేరునా పరిచయం చేసేది ఒక్కరే. వశిష్ఠుడి పక్కన అరుంధతిని చూడలేనివాడు ఇంకా కళ్ళు తెరవనట్టే అనేవారాయన. సలహాదారు హనుమత్ప్రసాద్ గారు. ప్రభుత్వ పరిశోధనశాలలో రిటైరై వచ్చిన మనిషి. చిన్న కాలేజీలో బీఎస్సీ చదివిన జువేరియాని ఇంటర్వ్యూలో అందరూ కాదంటుంటే, ఈ అమ్మాయికి చూపుంది, నాకు కావాలి అని తీసుకున్న మనిషి.

"నోర్ముయ్," అంది జువేరియా, ధాత్రి ఏమీ అనకుండానే.

* * *

మేనేజరు రవికాంత్ చివరిదాకా విన్నాడు. తరువాత తలుపు మూసొచ్చి, కంప్యూటర్ తెరని ఆమె వైపు తిప్పాడు.

"గీ లాగ్ చూడు. ఆ మూడు రాత్రుల ఫోటోలు మార్చి పెట్టింది ఎవరి లాగిన్ల నుంచో చదువు."

జువేరియా చదివింది. తన పేరే.

"దువ్వెన నీది. పేపర్ల పేరు నీది. లాగిన్ సుత నీదే. ఇప్పుడొచ్చి నువ్వే నకిలీ అంటున్నవ్. నార్వేల కూసున్నోళ్ళు ఏమనుకుంటరు చెప్పు?"

"నేనెందుకు చేస్త సార్? చేసి నేనే వచ్చి ఎందుకు చెప్త?"

"పేరు కోసం చేసింది, ఆఖర్ల భయపడ్డది అంటరు. నేనంటలేను, వాళ్ళంటరు." రవికాంత్ నుదురు రుద్దుకున్నాడు. "నీ పాస్‌వర్డ్ ఎవరికన్నా ఇచ్చినవా?"

జువేరియా తెర మీది తన పేరు మళ్ళీ చదివింది.

ఇచ్చింది. చేరిన వారంలోనే ఇచ్చింది. నువ్వు వేరుచేసిన బొమ్మలు నేను తీరిగ్గా ఓసారి చూసిపెడతానమ్మా అని హనుమత్ప్రసాద్ గారు అడిగితే కాగితం ముక్క మీద రాసి ఇచ్చింది. ధాత్రీ ఇచ్చింది. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పనని సంతకం పెట్టినవాళ్ళే అందరూ. కానీ సార్ అడిగితే చెప్పకపోవడం ఆ ఆఫీసులో ఎవరికీ తోచని మాట. తప్పులు దిద్దే పంతులికి పలక ఇవ్వనంటామా?

పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఒకవేళ ఆయన కాకపోతే? కళ్ళతో చూడనిది ఉందని రాయకు అని తనకి నేర్పిన మనిషి మీద, ఒక్క చుక్కని పట్టుకుని నింద వేస్తే?

"జువేరియా, నేను నీకు దుష్మన్‌ని కాదు," అన్నాడు రవికాంత్. "సాయంత్రం ప్రొఫెసర్ ఫోన్ చేస్తది. పేపరు పోకముందే చెప్పాలె. చెప్తే, ఎవరు జేసిండ్రంటది. అప్పుడు నా దగ్గర ఏదో ఒక పేరుండాలె. నీ పేరు తప్ప ఇప్పుడు నా దగ్గరేం లేదు. అట్ల చెప్పిననుకో, ఈ లైన్ల నీకు ఇంకోడు నౌకరీ ఇయ్యడు."

"సాయంత్రం లోపల వస్త సార్."

"ఎటు పోతున్నవ్?"

"పంజాగుట్ట," అంది జువేరియా. రెండు బొమ్మలు ప్రింటు తీసి బ్యాగులో పెట్టుకుంది.

* * *

ఆటో నడిపే సారయ్యది బోరబండ. అద్దంలోంచి ఆమెనే చూస్తూ, బస్సుకీ బస్సుకీ మధ్య దూరి, సందు చేసుకుంటూ పోతున్నాడు.

"ఇంటర్వ్యూ పోయిందా మేడం?"

"ఎందుకట్ల అనిపించింది?"

"అమీర్‌పేటల ఎక్కి మొకం గట్ల బెట్టుకున్నోళ్ళంతా గదే చెప్తరు. ఫికర్ జెయ్యకు. పొద్దుగాల పోయినోళ్ళకు మాపటీలి ఇంకోటి దొరుకుతది."

"నాది దొరకదు అన్నా. పోతే పోయినట్టే."

సారయ్య అద్దంలోంచి చూపు తిప్పుకుని, హారను కొట్టడం మీద మనసు పెట్టాడు.

హనుమత్ప్రసాద్ గారిది పంజాగుట్ట ద్వారకాపురి కాలనీలో రెండో అంతస్తు. ఒంట్లో బావుండక కొద్దిరోజులుగా ఆఫీసుకి రావడం లేదు. తలుపు తీసింది ఆయన భార్య కమలకుమారి.

"నువ్వా అమ్మా, రా రా. ఎండలో పడి వచ్చావు. అదేదో నీ పేరు పెట్టారటగా, ఈయన చెప్తే ఎంత సంతోషించానో. ఇదుగో, కాస్త నువ్వయినా చెప్పు. పొద్దుట్నుంచీ కాఫీ కూడా ముట్టలేదు. మొన్న డాక్టరేమో బీపీ అన్నాడు, నాకు మాత్రం బెంగ అనిపిస్తోంది. దేనికి బెంగండీ అంటే పలకరు."

ఆయన లోపలి గదిలో కిటికీ పక్క పడక కుర్చీలో ఉన్నారు. చుట్టూ పుస్తకాలు, బీరువా మీద డిస్కుల పెట్టెలు. జువేరియాని చూడగానే లేవబోయారు.

"కూర్చోండి సార్."

"నువ్వు కూర్చో తల్లీ. పేపరు గురించేనా? భయపడకు. మొదటి పేపరుకి అందరికీ అలాగే ఉంటుంది."

జువేరియా కూర్చోలేదు. బ్యాగులోంచి మొదటి ప్రింటు తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. "ఇది చూడండి సార్."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "చూశానుగా. ఎన్నిసార్లు చూశాం దీన్ని మనం. చారలు చూడు, ఎంత తీరుగా ఉన్నాయో."

"చారలు కాదు. సప్తర్షుల్ని చూడండి."

ఆయన చూపు పైకి జరిగింది. ఒక చోట ఆగింది. అక్కడే ఉండిపోయింది.

జువేరియా రెండో ప్రింటు దాని పక్కన పెట్టింది. "ఇది వారం తరువాతిది. అదే కెమెరా, అదే లెన్స్. ఇందులో వశిష్ఠుడు ఒక్కడే ఉన్నాడు సార్. దాంట్లో పక్కన ఇంకొకరున్నారు."

"లెన్స్ మీద ఏదైనా దుమ్ము..."

"మూడు రాత్రులూ దుమ్ము అదే చోట పడిందా? చుక్క జరిగినప్పుడల్లా దుమ్మూ దాంతో పాటే జరిగిందా?"

ఆయన రెండు కాగితాల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టారు. 

"రవికాంత్ సార్ దగ్గర లాగ్ ఉంది. మార్చింది నా లాగిన్ నుంచే. నా పాస్‌వర్డ్ ఇద్దరికే తెలుసు. నాకు, మీకు." బ్యాగు జిప్పు మూసింది. "ఆయన అడిగాడు, ఎవరికైనా ఇచ్చావా అని. నేను చెప్పలేదు. మొదట మీ నోటితో విందామని వచ్చాను. మీరు కాదనండి. కాదంటే నేను నమ్ముతాను. వెనక్కి పోయి నా పేరే చెప్పమంటాను."

కింద రోడ్డు మీద ఎవరో హారను మీద చెయ్యి పెట్టి తీయడం లేదు. ఆయన కిటికీ వైపు తిరిగి, ఆ చప్పుడు ఆగేదాకా ఉన్నట్టు కూర్చున్నారు. అది ఆగింది. ఆయన కాదనలేదు.

జువేరియా అప్పుడు కూర్చుంది.

"ఎందుకు సార్?"

"పాతికేళ్ళ వయసులో ఒక లెక్క వేశాను," అన్నారాయన, కిటికీతో చెబుతున్నట్టు. "అరోరా తెర చిరిగితే సమాన దూరాల్లోనే చిరగాలని. పెద్దవాళ్ళు విని నవ్వారు. ఒకాయన సభలో లేచి, ప్రసాద్‌గారు అరోరాని ఎప్పుడైనా చూశారా అని అడిగాడు. సభంతా నవ్వింది. ఆ నవ్వు చెవుల్లో పెట్టుకునే రిటైరయ్యాను. ఆ తరువాత ఈ కెమెరా బొమ్మలు మన అమీర్‌పేటకి రావడం మొదలైంది. నా చేతికే వచ్చాయి."

"లెక్క మీది. గీసింది మీరు. మరి పేరు నాది ఎందుకు?"

"నేను చూశానంటే, ముసలాడు తన లెక్కని తానే చూసుకున్నాడంటారు. నీకా లెక్క తెలియదు. తెలియకూడదనే ఎప్పుడూ చెప్పలేదు. తెలియని కన్ను చూస్తేనే సాక్ష్యం అవుతుంది."

"ఇంటర్వ్యూలో నాకు చూపుంది అన్నారు."

"నిజమే అన్నాను."

"దాన్ని వాడుకోవడానికా?"

"అప్పటికి అది నా మనసులో లేదు. ఒట్టు."

"ఒట్లు ఆంటీ దగ్గర వేసుకోండి సార్." జువేరియా కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకుంటే ఏడుస్తున్నట్టు ఆయనకి తెలుస్తుంది. "మా అమ్మీ గల్లీలో అందరికీ చెప్పింది. రేపు మీ బిడ్డ దొంగ బొమ్మలు గీసిందటగా అని వాళ్ళడిగితే ఆమె ఏం చెప్పాలి? మీరు పెద్ద సైంటిస్టు. మీ మాట ఎవరైనా వింటారు. నాకు ఆ మూడు రాత్రుల అసలు ఫోటోలు కావాలి. వాటిని చూపిస్తే తప్ప నన్ను ఎవరూ నమ్మరు. ఎక్కడున్నాయి?"

"అవి..." అని ఆయన ఆగిపోయారు.

"చెరిపేశారా?"

ఆయన బీరువా వైపు చూశారు.

గుమ్మంలో ఏదో కదిలింది. కమలకుమారి కాఫీ గ్లాసులున్న పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో. పళ్ళేన్ని మెల్లగా పుస్తకాల మీద పెట్టింది.

"ఆ పిల్ల అడుగుతోంది," అంది, ఆయన వైపు చూడకుండా. "అడిగినదానికి చెప్పండి."

హనుమత్ప్రసాద్ గారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. కళ్ళజోడు లేని ఆయన మొహాన్ని జువేరియా అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. అది ఎవరో తెలియని ముసలాయన మొహంలా ఉంది.

"నేనే చేశాను జువేరియా. నీ పాస్‌వర్డ్‌తో, నీ సీట్లో కూర్చుని, మీరందరూ వెళ్ళిపోయాక చేశాను. చుక్కలు ఒక్కొక్కటీ చేత్తో పెట్టాను. చెరిపేద్దామని చాలాసార్లు కూర్చున్నాను గానీ, అసలు ఫోటోలు చెరపలేకపోయాను. అవి ఈ గదిలోనే ఉన్నాయి, ఇస్తాను. కానీ ఇచ్చేముందు వాటిల్లో ఏముందో విను. ఆ మూడు రాత్రులూ తెర నేను చెప్పినట్టు చిరగలేదు. దాని అంచు వెంబడి వెలుగు పూసలు పూసలుగా కట్టింది. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, ఎక్కడా సమాన దూరం లేదు. నా లెక్క తప్పని అంతకంటే తేటగా ఎవరూ చెప్పలేరు. ఆ పూసల్ని లోకంలో మొట్టమొదట చూసింది ఎవరో తెలుసా? నువ్వే. బొమ్మలొచ్చిన కొత్తలో, సార్, ఇదేదో దండలా ఉంది అంటూ నా దగ్గరికి పరిగెత్తుకుంటూ వచ్చావు. కెమెరా గాజు మీద మంచు పట్టిందన్నాను. నా మాట నమ్మి రాసుకున్నది కొట్టేశావు, మరిచిపోయావు. నీది నీ దగ్గర్నుంచి లాక్కుని, నాది నీ నెత్తిన పెట్టాను. ఇంకొకటుంది. అది చెప్పలేకే పొద్దుట్నుంచీ ఇలా కూర్చున్నాను. ఎవరైనా ఆఖరి నిమిషంలో ఆపుతారేమోనని భయమేసింది. పేపరు సాయంత్రం వెళ్ళదు తల్లీ. ఈవేళ తెల్లవారగానే ఇక్కడ కూర్చునే, నీ లాగిన్‌తో, ఈ బొమ్మలు నేనే స్వయంగా సరిచూశానని నువ్వు రాసినట్టు రాసి, పేపరుని పత్రికకి పంపించేశాను."